స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లను నిలబెట్టేదేమిటి? చిన్న ఎన్జీవోలు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

నెలలో 19వ తారీఖు. ఫీల్డ్ ఆఫీసులో ఒక కార్యకర్త పెట్రోలు బంకు రసీదులు టేబుల్ మీద పరిచి, వానకు తడిసి అక్షరాలు చెరిగిపోయినవాటిని ఏరి పక్కన పెడుతోంది. చెరిగిన రసీదుకు డబ్బు రాదని ఆమెకు తెలుసు. ఆరు ఊళ్లు చూసుకునే మనిషి. ముందటి వారమే తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పెళ్లి ఆపించడానికి ఆ ఇంటి అరుగు మీద రాత్రి పదింటిదాకా కూర్చుని వచ్చింది. ఆ రాత్రి ఏం జరిగిందని ఆఫీసులో ఎవరూ అడగలేదు. రసీదుల గురించి మాత్రం మూడుసార్లు ఫోన్ చేశారు. రెండు నెలలకు ఆమె రాజీనామా ఇచ్చింది. కాగితంలో కారణం దగ్గర "వ్యక్తిగతం" అని రాసింది.

ఫోన్ చేసినవాళ్లలో నేనూ ఒకడిని. ఫీల్డ్ కార్యకర్తగా మొదలుపెట్టి ప్రోగ్రాం మేనేజరుగా పనిచేసిన 18 ఏళ్లలో నన్ను ఇంతగా కుదిపిన రాజీనామా ఇంకొకటి లేదు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఉత్సాహాన్ని తమతోనే తెచ్చుకుంటారు. మనం కొత్తగా నింపాల్సిన పని లేదు. రోజూ కొంచెం కొంచెం కారిపోతున్న చోట చిల్లులు పూడ్చుకోవాలి. చిల్లుల సంగతి వదిలేసి శిక్షణ శిబిరాలు, ప్రసంగాలు, శాలువాలు పెట్టినంత మాత్రాన నీళ్లు నిలవవు.

అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో దాదాపు ఇదే చెప్పాడు. జీతం, భద్రత, పై అధికారి ప్రవర్తన, పని పరిస్థితులు సరిగా లేకపోతే మనిషి విసిగిపోతాడు. అవి సరిగా ఉన్నంత మాత్రాన పని మీద ప్రేమ పుట్టదు. ఆ ప్రేమ పనిలో సాధించినదాని నుంచి, బాధ్యత నుంచి, గుర్తింపు నుంచి, ఎదుగుదల నుంచి వస్తుంది. రెండూ వేర్వేరు ఖాతాలు. ఒకదాంట్లో లోటును రెండోదాంతో పూడ్చలేం. అందుకే కింద చెప్పే తొమ్మిది మెట్ల వరుసకు ప్రాధాన్యం ఉంది. రెండో మెట్టు వదిలేసి నాలుగోదానికి వెళ్లొద్దు.

జిల్లా స్థాయిలో 15 నుంచి 40 మంది సిబ్బందితో నడిచే సంస్థను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. కార్యదర్శి, డైరెక్టరు, ప్రోగ్రాం మేనేజరు, ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

మొదటి మెట్టు: ఎందుకొచ్చారో అడగండి

కాగితం మీద ప్రశ్నలు ఇచ్చి టిక్కులు పెట్టించుకోవద్దు. క్యాబిన్‌లోకి పిలిచీ అడగొద్దు. వాళ్లతో కలిసి ఒక రోజు ఊళ్లకు వెళ్లండి. దారిలో, టీ కొట్టు దగ్గర, తిరుగు బస్సులో మాట కలపండి. ఒక్కొక్కరికీ ఒక పూట కేటాయిస్తే 20 మందితో రెండు నెలల్లో అయిపోతుంది. నాకు పనికొచ్చిన ప్రశ్నలు నాలుగు:

- ఈ పనిలోకి ఎలా వచ్చారు?
- కిందటి నెలలో ఏ రోజు ఇంటికి తృప్తిగా వెళ్లారు?
- ఏ రోజు మానేద్దామనిపించింది?
- ఈ ఉద్యోగం గురించి ఇంట్లో ఏమంటారు?

నాలుగో ప్రశ్న దగ్గరే అసలు సంగతులు బయటపడతాయి. "ఎన్నాళ్లమ్మా ఈ ప్రాజెక్టు?" అని అత్తగారు అడుగుతుంది. పెళ్లి సంబంధం చూసేవాళ్లు "ఎన్జీవో అంటే పర్మనెంటు కాదుగా" అంటారు. తెలిసిన బడిపంతులు "ఇంకా సేవలోనే ఉన్నావా?" అని పలకరిస్తాడు. మీ కార్యకర్త ప్రతి సాయంత్రం ఇంటికెళ్లి ఈ మాటలకు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు చెప్పగలిగే బలం మీరిచ్చారా లేదా అన్నదే ఇక్కడ విషయం.

అందరూ ఆశయంతోనే వస్తారనుకోవద్దు. తన చిన్నప్పుడు బడి మానేయాల్సి వచ్చినందుకు, ఇంకో పిల్లకు అలా జరగకూడదని వచ్చినవాళ్లుంటారు. సోషల్ వర్క్‌లో పీజీ చేసి వచ్చినవాళ్లుంటారు. ఊరికి దగ్గర కాబట్టి, పిల్లలను చూసుకోవచ్చని వచ్చినవాళ్లుంటారు. డీఎస్సీ, గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చేదాకా అని చేరినవాళ్లూ ఉంటారు. ఏ కారణమూ తక్కువది కాదు. డీఎస్సీ కోసం చదువుకుంటూ మూడేళ్లు నిజాయతీగా పనిచేసినవాళ్లను చూశాను. "నేను సేవకే పుట్టాను" అని చేరి ఆరు నెలల్లో వెళ్లిపోయినవాళ్లనూ చూశాను. ఎవరిది ఏ కారణమో మీకు తెలిస్తే చాలు. చదువుకునేవాళ్లకు పరీక్ష ముందు 15 రోజులు సెలవు ముందే ఖాయం చేయండి. పిల్లల కోసం దగ్గర ఊళ్లు కోరుకున్న తల్లికి దూరపు క్లస్టరు వేయకండి.

విన్నదంతా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎవరికీ చూపించొద్దు. విన్నవాటిలో నెలలోపు చేయగలిగింది ఒక్కటైనా చేయండి. అడిగి ఊరుకుంటే అడగకపోయినదానికంటే ఎక్కువ నష్టం.

రెండో మెట్టు: జీతం, తారీఖు, తిరుగుడు ఖర్చు

"సేవ చేయడానికి వచ్చారుగా, డబ్బు గురించి అడుగుతారేమిటి?" అనే మాట ఇంకా చాలా సంస్థల్లో వినిపిస్తుంది. ఆ మాట అన్నరోజే సంస్థ ఓడిపోతుంది. సేవాభావం ఉన్న మనిషి ఇంట్లో కూడా బియ్యం అయిపోతాయి, ఫీజులు కట్టాలి.

జీతం ఎంత అన్నదానికంటే ముందు, ఎప్పుడు అన్నది తేల్చండి. నేను పనిచేసిన ఒక సంస్థలో దాత నుంచి రెండో విడత రాలేదని నాలుగు నెలలు జీతాలు ఆగిపోయాయి. ఆ కాలంలో ఎవరూ మానలేదు. డబ్బు వచ్చాక, బాకీలన్నీ తీరాక, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కష్టకాలంలో నిలబడ్డారు కదా అని మేం సంబరపడ్డాం. వాళ్లు మాత్రం ఆ నాలుగు నెలలూ వేరే పని వెతుక్కున్నారు.

చట్టం కూడా ఇక్కడ గట్టిగానే ఉంది. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. ఉద్యోగి మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి చెల్లించాలి.

దీనికి నిల్వ కావాలి. 20 మంది, సగటు జీతం ₹16,000 అనుకుందాం. నెలకు ₹3,20,000. మూడు నెలల నిల్వ అంటే ₹9,60,000. ఒక్కసారిగా కుదరదు. సాధారణ విరాళాల నుంచి, సభ్యత్వ రుసుముల నుంచి, సంస్థకున్న సొంత ఆదాయం నుంచి ప్రతి నెలా కొంత "జీతాల నిల్వ" అనే వేరే ఖాతాలో వేయండి. కార్యవర్గం తీర్మానం చేసి, జీతాలకు తప్ప దేనికీ ఆ డబ్బు ముట్టకూడదని మినిట్స్‌లో రాయండి. నిల్వ ఒక్క నెలకు సరిపడా చేరినా ఆఫీసు గాలి మారుతుంది.

ఇక తిరుగుడు ఖర్చు. దీన్ని చాలామంది చిన్న విషయమనుకుంటారు. లెక్క చూడండి. ఒక కార్యకర్త రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు బండి మీద తిరిగితే 1,320 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి 29 లీటర్ల పైచిలుకు పెట్రోలు పడుతుంది. లీటరు ₹108 అనుకుంటే దాదాపు ₹3,170. మీరు నెలకు ₹1,500 చొప్పున ఇస్తున్నారంటే, తక్కిన ₹1,670 ఆ మనిషి తన జీతంలోంచి పెట్టుకుంటోంది. టైరు, ఆయిలు, సర్వీసింగు ఇంకా కలపలేదు. పని ఎంత బాగా చేస్తే అంత చేతి చమురు వదులుతుంది. ఊళ్లకు తక్కువ వెళ్లేవాడు లాభపడతాడు. ఇలాంటి ఏర్పాటు పెట్టి "ఫీల్డ్‌కు సరిగా వెళ్లడం లేదు" అని తిట్టడం అన్యాయం.

ఇలా మార్చండి: కిలోమీటరుకు ఇంత అని రేటు కట్టండి. రసీదులు వద్దు, విజిట్ డైరీ చాలు. ఊరూ, కిలోమీటర్లూ రాస్తే కోఆర్డినేటరు వారానికోసారి సంతకం పెడతాడు. ప్రతి నెలా 1న కొంత అడ్వాన్సు ఇచ్చి, నెలాఖరున సర్దుబాటు చేయండి. తన జీతంలోంచి సంస్థకు అప్పు పెట్టే పరిస్థితి ఏ కార్యకర్తకూ రాకూడదు. ఆడిటరు ఒప్పుకోడని ముందే అనుకోకండి. కార్యవర్గం ఆమోదించిన ప్రయాణ ఖర్చుల నియమావళి రాతపూర్వకంగా ఉంటే చాలామంది ఆడిటర్లు ఒప్పుకుంటారు.

"గౌరవ వేతనం" అనే మాట వెనక దాక్కోవద్దు. రోజంతా పనిచేసి, మీరు చెప్పిన చోటికి వెళ్లి, మీకు రిపోర్టు ఇచ్చే మనిషి ఉద్యోగి. సంస్థలో 10 మందికి చేరితే ఈఎస్‌ఐ, 20 మందికి చేరితే పీఎఫ్ చూసుకోవాలి. ఈఎస్‌ఐ నెలకు ₹21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, సంస్థ వాటా 3.25 శాతం. పీఎఫ్‌లో ఇద్దరూ 12 శాతం చొప్పున కట్టాలి. కొత్త సామాజిక భద్రత కోడ్‌లో స్వచ్ఛంద సంస్థల సిబ్బందికి పెద్ద మేలు ఒకటి ఉంది. నిర్ణీత కాలానికి ఒప్పందం మీద తీసుకున్న ఉద్యోగికి ఐదేళ్లు కాకుండా ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే మొత్తం, లెక్క కట్టాలి. మన దగ్గర ప్రాజెక్టు కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే ఎక్కువ. దీన్ని దాచిపెట్టకండి. సిబ్బంది సమావేశంలో మీరే చదివి వినిపించండి. ఆ రోజు అత్తగారికి చెప్పడానికి వాళ్లకో జవాబు దొరుకుతుంది.

మూడో మెట్టు: బడ్జెట్లో మనుషులకు చోటు పెట్టండి

డబ్బెక్కడిది అంటారు. ప్రపోజల్ రాసేటప్పుడు మనమే మన మనుషులను తగ్గించి చూపిస్తున్నాం. దాతకు ఖర్చు తక్కువగా కనిపించాలని ఇద్దరు చేయాల్సిన పనికి ఒకరినే రాస్తాం. పీఎఫ్ వాటా రాయం. రెండో ఏడాదికి ఇంక్రిమెంటు రాయం. మూడేళ్లు అదే జీతం మీద నడిపించి, అంకితభావం తగ్గిపోయిందని బాధపడతాం.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. విదేశీ విరాళాల చట్టంలో 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అది నిజమే. అంతమాత్రాన జీతాలన్నీ ఆ 20 శాతంలోకి రావు. సంక్షేమ సంస్థ ఆశయానికి నేరుగా సంబంధించిన పని చేసేవాళ్ల జీతాలు, ఆసుపత్రిలో డాక్టరు, బడిలో టీచరు లాంటివాళ్లవి, పరిపాలన ఖర్చు కిందకు రావని నిబంధనల్లోనే ఉంది. సీఎస్‌ఆర్‌లో (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే ఖర్చు) చెప్పే 5 శాతం కూడా కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చు మీద పరిమితి. ఒక ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణలకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. "ఐదు శాతమే జీతాలకు ఇస్తాం" అని ఎవరైనా అంటే మర్యాదగా నిబంధన చూపించి మాట్లాడండి.

ప్రతి కొత్త ప్రపోజల్లో ఈ ఐదూ వేరే వరుసల్లో రాయండి: జీతం, సంస్థ కట్టే పీఎఫ్–ఈఎస్‌ఐ వాటా, గ్రాట్యుటీ కేటాయింపు, కిలోమీటర్ల లెక్కన ప్రయాణం, ఏటా ఇంక్రిమెంటు. దాత కొట్టేస్తే కొట్టేయనివ్వండి. మనమే ముందుగా కొట్టేసుకోవడం మానాలి.

నాలుగో మెట్టు: పని ఎక్కడిదాకా వెళ్లిందో చూపించండి

పై మూడూ సర్దుకున్నాకే దీని ఫలితం కనిపిస్తుంది. నాకు బాగా ఇష్టమైన మెట్టు ఇదే.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల మీద ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. ఆ విరాళాలతో చదువుకున్న ఒక విద్యార్థి వచ్చి కొద్ది నిమిషాలు ఆ ఉద్యోగులతో మాట్లాడాడు, అంతే. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం 142 శాతం, తెచ్చే విరాళం 171 శాతం పెరిగాయి. జీతం పెంచలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. తమ పని ఎవరి జీవితంలోకి వెళ్తోందో కళ్లతో చూశారు.

ఇది చదవకముందే నేనిలాంటిదొకటి చూశాను. మా అకౌంటెంటు ఆరేళ్లుగా వోచర్లు రాస్తున్నాడు, ఒక్క ఊరికీ వెళ్లలేదు. బడి మానేసిన పిల్లల కోసం నడిపే శిబిరానికి ఒకసారి చలికాలంలో తీసుకెళ్లాం. రాత్రి అక్కడే పడుకున్నాడు. పొద్దున్నే నా దగ్గరికి వచ్చి "సార్, ఆ 40 దుప్పట్ల బిల్లు నేనే పాస్ చేశాను. పెద్ద పిల్లలకు కాళ్లు బయటికొస్తున్నాయి. పొట్టివి పంపాడు" అన్నాడు. ఆఫీసుకు తిరిగి రాగానే దుకాణదారుకు తనే ఫోన్ చేసి మార్పించాడు. అప్పటి నుంచి శిబిరం బిల్లు ఏది వచ్చినా, అంకె చూసేముందు వస్తువు గురించి అడిగేవాడు: పప్పు ఏ రకం, సబ్బు ఎన్ని గ్రాములు. అతని పని మారలేదు. పనికి అవతలి కొస కనిపించింది.

మీరు చేయాల్సింది:

అకౌంట్సు, డేటా ఎంట్రీ, డ్రైవరు, ఆఫీసు సహాయకులు, అందరినీ ఏడాదికి రెండుసార్లు ఊళ్లకు తీసుకెళ్లండి. టూరులా తిప్పి తేవద్దు. ఒక రాత్రి ఉంచండి.

నెలవారీ సమావేశం మొదటి 20 నిమిషాలు ఒక కార్యకర్త ఒక సంగతి చెప్పాలి. అంకెలు వద్దు. విఫలమైనదైనా పర్వాలేదు. నిజానికి అలాంటిదే మేలు, ఎందుకంటే మిగతావాళ్లకు "నాకొక్కదానికే కాదన్నమాట" అని ధైర్యం వస్తుంది.

ఫలితం ఆలస్యంగా వచ్చే పనుల్లో పాత మనుషులను వెతికి తెచ్చుకోండి. ఐదేళ్ల కింద బడిలో చేర్పించిన పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతుంటే, ఆమెను చేర్పించిన కార్యకర్తకు ఆ సంగతి చేరాలి. కార్యకర్త ఇప్పుడు వేరే మండలంలో ఉన్నా సరే, ఫోన్ కలపండి. ఒక్క షరతు: ఆ పిల్లను స్టేజీ ఎక్కించి తన కష్టాలు చెప్పించకండి. మన ఉత్సాహం కోసం ఆమె గాయాన్ని వాడుకోకూడదు.

ఐదో మెట్టు: గీత గీసి, లోపల స్వేచ్ఛ ఇవ్వండి

ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టి, రాజీలేని సూత్రమొకటి పెట్టుకుంది: పిల్లలంతా పూర్తికాలం బడికే వెళ్లాలి. సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. నేను నేర్చుకున్నదేమిటంటే, అలాంటి సూత్రం ఎంత స్పష్టంగా ఉంటే కింది కార్యకర్తకు అంత స్వేచ్ఛ దొరుకుతుంది. ఏది వదలకూడదో తెలుసు కాబట్టి, ఏ ఊళ్లో ఎవరితో ముందు మాట్లాడాలో, సర్పంచి దగ్గరికి వెళ్లాలో, పిల్ల మేనమామ దగ్గరికి వెళ్లాలో తనే నిర్ణయించుకోగలదు.

మన సంస్థల్లో దీనికి ఎదురు జరుగుతోంది. సూత్రం మసకగా ఉంటుంది. రోజువారీ పని మాత్రం నిమిషాల లెక్కన పైనుంచి వస్తుంది. పదింటికి ఈ ఊరు, పన్నెండింటికి ఆ ఊరు, ఫోటో పెట్టు, లొకేషన్ పెట్టు. కూలికి వెళ్లిన మనుషులు సాయంత్రం ఆరు దాటాకగానీ ఇంట్లో దొరకరని తెలిసిన కార్యకర్త, పదింటికి ఖాళీ వీధిలో నిలబడి ఫోటో తీసి పంపిస్తుంది.

మీ సంస్థలో వదలకూడని విషయాలు మూడో నాలుగో రాసి గోడకు పెట్టండి. తక్కిన వారపు ప్రణాళిక కార్యకర్త తనే రాసుకోవాలి. సాయంత్రం పనిచేస్తే మర్నాడు ఆలస్యంగా రావచ్చు. ఒక్కొక్కరి చేతిలో నెలకు ₹1,000 అత్యవసర ఖర్చుకు ఉంచండి. జ్వరం వచ్చిన పిల్లను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కోఆర్డినేటరు అనుమతి కోసం ఫోన్ పట్టుకుని నిలబడే అవసరం ఉండకూడదు.

రిపోర్టుల సంగతి కూడా ఇక్కడే చూడండి. ఒక శనివారం మీ కార్యకర్త పక్కన కూర్చుని, ఆమె నింపే రిజిస్టర్లు, ఫారాలు, యాప్‌లు, వాట్సాప్ గ్రూపులు అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒకే ఇంటి వివరాలు మూడుచోట్ల రాస్తోందని తేలుతుంది. గత ఆరు నెలల్లో ఎవరూ తెరవని ఫారం ఏదైనా ఉంటే ఆ రోజే ఆపేయండి. దాతలు వేర్వేరు ఫార్మాట్లు అడుగుతారు, నిజమే. ఆ మార్పిడి ఆఫీసులో జరగాలి, ఫీల్డ్‌లో కాదు.

కేసుకింత, సంఘానికింత అని డబ్బు ఆశ మాత్రం పెట్టకండి. అంకెలు వస్తాయి, కాగితం మీద. మరీ ముఖ్యంగా, మనసుతో చేస్తున్న పనికి రేటు కట్టగానే ఆ మనిషికీ పనికీ మధ్య ఉన్న బంధం మారిపోతుంది.

ఆరో మెట్టు: మర్యాద, భద్రత

మీ ఆఫీసులో ఎవరిని ఎవరు ఎలా పిలుస్తారో ఒక వారం గమనించండి. హైదరాబాదు నుంచి వచ్చిన పాతికేళ్ల కన్సల్టెంటును "సార్, మీరు" అంటూ, పదిహేనేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న నలభై ఏళ్ల దళిత కార్యకర్తను "ఏమ్మా, నువ్వు" అంటుంటే ఆ సంస్థ సమానత్వం గురించి ఊళ్లో ఏం మాట్లాడగలదు? దాత వచ్చిన రోజు కుర్చీలు ఎవరికి, చాప ఎవరికి, టీ ఎవరు అందిస్తున్నారు, ఊరి గురించి అడిగితే జవాబు ఎవరు చెబుతున్నారు? పని చేసినవాళ్లే చెప్పాలి. వాళ్లకు ఇంగ్లీషు రాకపోతే మీరు అనువదించండి.

కేస్ స్టడీ కింద, రిపోర్టు కింద ఆ పని చేసినవాళ్ల పేరు వేయండి. మెచ్చుకోవాల్సి వస్తే నిర్దిష్టంగా చెప్పండి. "బాగా చేశావు" అంటే గాలిలో కలిసిపోతుంది. "ఆ తండ్రి తలుపేసుకున్నాక కూడా మళ్లీ మూడు రోజులకు వెళ్లావు చూడు, అది పని చేసింది" అంటే ఏళ్లు గుర్తుంటుంది.

ఆడవాళ్లకు సంబంధించి మూడు విషయాలు తక్షణం చూడండి. సమావేశం చివరి బస్సుకు గంట ముందు ముగియాలి. దాన్ని నియమంగా రాయండి. ఫీల్డ్ ఆఫీసులో నీళ్లు వచ్చే, గడియ పడే మరుగుదొడ్డి ఉండాలి. ఊళ్లలో ఎక్కడా వీలుపడక పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా తిరిగే కార్యకర్తలు ఉన్నారని మగ కోఆర్డినేటర్లకు తెలియదు. వాళ్లు చెప్పరు కూడా. ఇక మూడోది అంతర్గత కమిటీ. పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం స్వచ్ఛంద సంస్థలకూ వర్తిస్తుంది. 10 మంది, ఆపైన ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి, దానికి సంస్థలోని సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని అందరికీ తెలియజేయండి. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ప్రాజెక్టు సిబ్బందికి కూడా హక్కే. "ప్రాజెక్టులో అది లేదు" అనే జవాబు చెల్లదు.

ఏడో మెట్టు: మోసుకొచ్చిన బరువు దించుకోనివ్వండి

బాల్యవివాహాలు, గృహహింస, రైతు ఆత్మహత్యల కుటుంబాలు, అక్రమ రవాణా, ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు ప్రతి రోజూ ఎవరో ఒకరి దుఃఖం విని ఇంటికి వెళ్తారు. కొన్నాళ్లకు నిద్ర పట్టదు, చిన్నమాటకు కోపం వస్తుంది, ఊళ్లకు వెళ్లబుద్ధి కాదు. దాన్ని బద్ధకమని రాసేస్తాం.

నెలకోసారి రెండు గంటలు, నలుగురైదుగురు కార్యకర్తలు మాత్రమే కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. పై అధికారి ఉండొద్దు, మినిట్స్ రాయొద్దు. వీలైతే బయటి నుంచి కౌన్సెలర్‌ను పిలవండి. వీలుకాకపోతే, ఇదే పని పదేళ్లు చేసిన అక్క ఒకరుంటే చాలు. పెద్ద కేసు ముగిసిన మర్నాడు సెలవు అడక్కుండానే ఇవ్వండి. మొదట్లో చెప్పిన కార్యకర్త ఆ రాత్రి పదింటికి వచ్చింది. మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు రిజిస్టర్‌లో సంతకం పెట్టింది.

ఎనిమిదో మెట్టు: పదోన్నతి లేని చోట ఎదుగుదల

చిన్న సంస్థలో పై పోస్టులు రెండో మూడో ఉంటాయి. కాబట్టి మెట్లు పైకే ఉండాలనుకోకూడదు, చేతికి కొత్త విద్య రావాలి. మన దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఊళ్లలోని విజన్ సెంటర్ల కోసం స్థానిక యువతకే ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తయారుచేస్తోంది. జహీరాబాదు దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2008లో మాచ్నూరులో సంఘం రేడియో మొదలైంది, దాన్ని నడిపేది కూడా ఊరి ఆడవాళ్లే. ఇలా నేర్చుకున్న విద్యను ఏ ప్రాజెక్టు ముగిసినా ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ప్రతి ఉద్యోగికీ ఏడాదికి ఒక్క విద్య అని పెట్టుకోండి: ఎక్సెల్‌లో డేటా చూడటం, పిల్లల చట్టాలు, టూవీలర్ లైసెన్సు, సభలో మాట్లాడటం, ఆగిపోయిన డిగ్రీ దూరవిద్యలో పూర్తిచేయడం. ఏది కావాలో వాళ్లే చెప్పాలి. ఫీజులో సగం సంస్థ పెట్టినా గొప్పే. డిగ్రీ పరీక్షలకు సెలవిచ్చినందుకు నాకు ఇప్పటికీ ఫోన్ చేసి పలకరించేవాళ్లున్నారు.

తొమ్మిదో మెట్టు: ప్రాజెక్టు ముగిసేటప్పుడు

సిబ్బందిని లోలోపల తినేసే ప్రశ్న "మార్చి తర్వాత ఏంటి?" అనేదే. మనకు తెలియదు కాబట్టి చెప్పం. చెప్పం కాబట్టి వదంతులు పుడతాయి. జనవరి నుంచి ఎవరి మనసూ పనిలో ఉండదు.

ముగింపుకు 90 రోజుల ముందు అందరినీ కూర్చోబెట్టి మీకు తెలిసిందంతా చెప్పండి. ఏ ప్రపోజల్ ఎక్కడుంది, ఎన్ని పోస్టులు కొనసాగవచ్చు, ఎన్ని అనుమానం. తెలియనిది తెలియదనే చెప్పండి. ఆపైన 15 రోజులకోసారి, కొత్త సంగతి లేకపోయినా, మళ్లీ కూర్చోండి. వేరే చోట ఇంటర్వ్యూకు వెళ్తామంటే సెలవివ్వండి. చుట్టుపక్కల సంస్థల వాళ్లకు మీరే ఫోన్ చేసి "మా దగ్గర మంచి మనిషి ఉంది" అని చెప్పండి.

చివరి రోజు చేతిలో పెట్టాల్సినవి: గ్రాట్యుటీతో సహా తేల్చిన లెక్క, చెల్లించని ప్రయాణ బిల్లులు, పీఎఫ్ ఖాతా నంబరు, అందులో చివరి పనిదినం నమోదైందని నిర్ధారణ, అనుభవ పత్రం. అనుభవ పత్రంలో "సంతృప్తికరంగా పనిచేశారు" అనే ఒక్క వాక్యం రాసి వదిలేయకండి. ఏ ఊళ్లు చూసింది, ఎంతమంది పిల్లలను బడిలో నిలబెట్టింది, ఏ సంఘాలను నిర్మించింది, ఏ రాత్రి ఏ ఇంటి అరుగు మీద కూర్చుని ఏ పెళ్లి ఆపింది, ఊరి పేరు, ఇంటివాళ్ల పేర్లు బయటపెట్టకుండా, రాయండి. ఒక పేజీ పడుతుంది. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఇవ్వండి. తెలుగుది ఇంట్లోవాళ్లు చదువుకోవడానికి.